శివారుకు అందని షరియత్

ఇస్లాం స్త్రీకి పద్నాలుగు వందల ఏళ్ల కిందటే అన్ని హక్కులూ ఇచ్చేసింది. ఈ మాట ఇంతవరకూ మీ చెవిన పడలేదంటే, విజయవాడ నుంచి బందరు దాకా ఏ ఊళ్లోనూ మీరు ముస్లిం మహిళా సదస్సుకు వెళ్లలేదని లెక్క. కంకిపాడులో వినొచ్చు, ఉయ్యూరులో వినొచ్చు, పామర్రులో వినొచ్చు. వేదిక మీద అయిదుగురు మగవాళ్లు కూర్చుంటారు. బ్యానర్ మీద ఆడమనిషి బొమ్మ వేయకూడదు కాబట్టి గులాబీ పువ్వు వేయిస్తారు. మహిళా సదస్సు కాబట్టి మహిళలు కూడా వస్తారు, తెరకు అవతల. అక్కడొక స్పీకరు బాక్సు పెడతారు. అది సగం మాటలు మింగేసి సగం వదుల్తుంది. వదిలిన సగంలో ఈ వాక్యం మాత్రం తప్పకుండా ఉంటుంది.

ఈ వాక్యాన్ని నేను నమ్ముతాను. చిక్కంతా అక్కడే వచ్చింది. నమ్మనివాళ్లతో మా పెద్దలకు ఏ ఇబ్బందీ లేదు, పాశ్చాత్య పోకడలని ఒక్క మాటతో తేల్చేస్తారు. నమ్మి, "ఇచ్చారన్నారు కదా, ఏవండీ అవి?" అని అడిగేదానితోనే వాళ్లకు పేచీ.

డెల్టాలో పుట్టినవాళ్లకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. ఖరీఫ్ మొదలయ్యేసరికి ప్రకాశం బ్యారేజీ దగ్గర మంత్రిగారు పూజ చేసి, పసుపు కుంకుమలు చల్లి, కాలువలకు నీళ్లు వదిలారని పేపర్లో ఫొటో పడుతుంది. నీళ్లు వదిలిన మాట నిజం. అక్కడ శివారులో నారుమడి నెర్రెలిచ్చిన మాటా నిజమే. మధ్యలో ఎగువ ఆసాములు కాలువలోకి ఇంజన్లు దించి ఉంటారు. శివారు రైతు వచ్చి నీళ్లేవయ్యా అంటే, "బ్యారేజీ దగ్గర వదిలారుగా, పేపరు చూళ్లేదా?" అనేది ఆ ఎగువాయనే. గట్టిగా అడిగితే కృష్ణమ్మ తల్లినే శంకిస్తావా అని కళ్లెర్రజేసేదీ ఆయనే. మా సదస్సుల్లో మైకు ఎప్పుడూ ఎగువ ఆసాముల చేతుల్లోనే ఉంటుంది.

మెహర్ సంగతి చూడండి. పెళ్లికొడుకు పెళ్లికూతురికి ఇచ్చుకోవాల్సిన సొమ్ము అది. వాళ్ల నాన్నకు కాదు, అన్నకు కాదు, ఆమెకు, ఆమె చేతికి. ఇప్పుడు కంకిపాడులో ఏదో ఒక ఫంక్షన్ హాలుకు రండి. ఖాజీగారు రిజిస్టరు తెరిచి మెహర్ ఎంత అంటారు. అప్పటిదాకా మటన్ ఉడికిందా లేదా అని గొంతు చించుకుంటున్న పెద్దమనుషులు ఒక్కసారిగా మెత్తబడిపోతారు. "మెహర్ తక్కువుంటేనే బర్కత్ అన్నారు కదా హజ్రత్, ఏదో ఒకటి వేసేయండి." నగదా, ఉధారా? ఉధారే. రిజిస్టరులో ఒక అంకె పడుతుంది. ఆ డబ్బుతో ఆ పూట బిర్యానీకి మసాలా దినుసులు కూడా రావు. హాలు బయట రిబ్బన్ కట్టి నిలబెట్టిన కారు, విజయవాడలో ఫ్లాటుకు కట్టిన అడ్వాన్సు మాత్రం ఉధారు కావు. అవి నగదు. అవి పిల్ల తండ్రివి. దాన్ని కట్నం అనకూడదు, ఎందుకంటే ఇస్లాంలో కట్నం లేదు. హైదరాబాదు వాళ్లు జోడే కీ రఖం అంటారు. మా వైపు "పిల్లకు ముచ్చటపడి పెట్టుకున్నారు" అంటారు.

ఇవ్వాల్సినవాడు పుచ్చుకుంటున్నాడు, పుచ్చుకోవాల్సినది ఇస్తోంది. షరియత్‌ను తలకిందులుగా నిలబెట్టిన ఇంత పెద్ద సంస్కరణ కైరోలో ఏ పండితుడూ చేయలేదు, ఇస్తాంబుల్‌లో ఏ పాషా చేయలేదు. మా కృష్ణా జిల్లా మామలు చేశారు, అదీ ఎవరికీ ఫత్వా తగలకుండా. సొంతబుద్ధితో మతగ్రంథాలను వ్యాఖ్యానించుకునే ఇజ్తిహాద్ తలుపు ఎప్పుడో వెయ్యేళ్ల కింద మూసుకుపోయిందని, ఆడవాళ్లు వచ్చి దాన్ని తట్టకూడదని చెబుతుంటారు. మూసిన ఆ తలుపు కారు పట్టేంత వెడల్పున ఎప్పుడు తెరుచుకుందో ఏ మౌలానా చెప్పడు.

ఖలీఫా ఉమర్ ఒకసారి మెహర్‌కు పైపరిమితి పెట్టబోతే మసీదులో ఒకావిడ లేచి, అల్లా పెట్టని హద్దు పెట్టడానికి నువ్వెవరు అందట. ఆయన వెంటనే నా మాట తప్పు, ఆమె మాట ఒప్పు అన్నాడట. మా వాళ్లు ఈ కథను తెగ చెబుతారు, ఉమర్ వినయానికి ఉదాహరణగా. ఆ ఆడమనిషి మసీదులో ఏం చేస్తోందో, అమీరుల్ మోమినీన్ ప్రసంగానికి అడ్డు తగిలితే ఎవరూ ఆమెను తెర వెనక్కి ఎందుకు పంపలేదో మాత్రం చెప్పరు.

ఇంతకీ ఆ ఉధారు మెహర్ ఎప్పుడు తీరుతుంది? మెహర్ అప్పు. మనిషి పోతే అతని ఆస్తిలోంచి ముందు అప్పులు తీర్చాలి, ఆ అప్పుల్లో భార్య మెహర్ కూడా ఉంది, ఆ తర్వాతే వారసుల పంపకం. పెద్దలకు ఈ సూత్రం బాగా తెలుసు. తెలుసు కాబట్టే జనాజా లేవక ముందే పని చక్కబెట్టుకుంటారు. మా దగ్గరి చుట్టాలింట్లో కళ్లారా చూశాను. గుసుల్ అయిపోయింది, కఫన్ కట్టారు, గదంతా కర్పూరం వాసన. పొద్దుటి నుంచి మూలన కూలబడి ఉన్నామెను ఇద్దరు రెక్కలు పట్టి తీసుకొచ్చి నిలబెట్టారు. మరిది వంగి, "భాభీ, మెహర్ మాఫ్ చేశానని అనండి, భాయ్‌సాబ్‌కి ఖబర్‌లో బరువు తగ్గుతుంది" అన్నాడు. ఆమెకు ముందు బోధపడలేదు. మెహర్ ఎంతో ఆమెకు గుర్తు కూడా లేదు, ఎవరన్నా ఎప్పుడన్నా చెబితే కదా. ఏడుస్తూనే తలూపింది. "అట్లా కాదు, నోటితో అనాలి" అన్నాడు ఇంకో ఆయన, సాక్షుల కోసం చుట్టూ చూస్తూ. అంది. అప్పుడు గదిలో నలుగురి భుజాలు ఒకేసారి కిందికి దిగాయి. దేశంలో ఏ ప్రభుత్వమూ రుణమాఫీ ఇంత చవగ్గా, ఇంత త్వరగా, ఇంత సాక్ష్యాధారాలతో అమలు చేయలేదు.

పోయినాయనకు బ్యాంకులో బంగారం మీద అప్పు కూడా ఉంది. మేనేజర్ని జనాజా దగ్గరికి పిలిపించి మాఫ్ అనిపించాలని ఎవరికీ తోచలేదు.

మసీదు మాటకొద్దాం. అల్లా దాసీలను అల్లా మసీదులకు వెళ్లకుండా ఆపవద్దన్నది ప్రవక్త మాట. ఉమర్ భార్య ఆతికా మసీదుకు వెళ్లేది. ఆయనకది నచ్చేది కాదు, అయినా వద్దనలేకపోయాడు. సగం లోకాన్ని గెలిచిన ఖలీఫాకు లేని ధైర్యం మన మసీదు కమిటీ ముతవల్లీకి ఉంది. జమాతే ఇస్లామీ వాళ్ల మసీదుల్లో, అహ్లె హదీస్ వాళ్ల మసీదుల్లో ఆడవాళ్లకు చోటుంది, కాదనను. మిగతా చోట్ల అడిగి చూడండి. నిషేధం లేదమ్మా, వసతి లేదు అంటారు. వజూ చేసుకునే చోటు విడిగా లేదు, మెట్లు విడిగా లేవు, పైగా ఆడవాళ్లొస్తే ఫిత్నా, అంటే కల్లోలం. మసీదుకు పాలరాయి పరిచారు, ఏసీలు బిగించారు, మినార్‌కు రంగు రంగుల లైట్లు పెట్టారు, ఒక్క మెట్ల వరస మాత్రం ఏ చందాలోనూ సరిపోవడం లేదు. 2020 జనవరిలో ఆలిండియా ముస్లిం పర్సనల్ లా బోర్డే సుప్రీంకోర్టుకు రాసిచ్చింది, స్త్రీలు మసీదులో నమాజు చేయడాన్ని ఇస్లాం అనుమతిస్తుందని. అఫిడవిట్‌లో తెరిచిన ఆ తలుపు ఢిల్లీలోనే ఉండిపోయింది. హైదరాబాదు దారుల్‌షిఫాలో ఇబాదత్‌ఖానాలోకి వెళ్లనివ్వమని షియాల్లో అఖ్‌బారీ శాఖ స్త్రీలు హైకోర్టుకే వెళ్లాల్సి వచ్చింది. 2023 డిసెంబరులో మధ్యంతర ఉత్తర్వు, 2024 జులైలో తుది తీర్పు. అల్లా ముందు మోకరిల్లడానికి రిట్ పిటిషన్ వేసుకున్న జాతి లోకంలో మేమే అయి ఉంటాం.

ఇవన్నీ అడిగితే వచ్చే జవాబు ఒకటే. ఫెమినిజం పడమటి సరుకు. ఆ సరుకు ఎక్కడెక్కడ తయారయిందో చూద్దామని కొంచెం వెతికాను. ఫాతిమా మెర్నిస్సీది మొరాకోలో ఫెజ్ పట్టణం. ఆమె 1987లో రాసిన పుస్తకంలో ఒక హదీసును, ప్రవక్త అన్నారని చెప్పే మాటను, పట్టుకుని కూపీ లాగింది. ఆడదాని చేతికి పాలన ఇచ్చిన జాతి బాగుపడదన్న హదీసు అది. చెప్పినవాడు అబూ బక్రా (తొలి ఖలీఫా అబూ బకర్ కాదు, వేరే మనిషి). ప్రవక్త పోయిన పాతికేళ్ల దాకా ఈ మాట ఆయనకు గుర్తు రాలేదు. క్రీ.శ. 656లో ఒంటె యుద్ధంలో ప్రవక్త భార్య హజ్రత్ ఆయిషా ఓడిపోయాక, గెలిచినవాళ్ల దగ్గర తానెందుకు ఆమె పక్షం చేరలేదో చెప్పుకోవాల్సిన వేళ చటుక్కున గుర్తొచ్చింది. ఇలాంటి జ్ఞాపకశక్తి మా వైపు ఆస్తి తగాదాల్లో సాక్షులకూ ఉంటుంది. అదే ఆయిషా నోట రెండు వేలకు పైగా హదీసులు వచ్చాయి. ఆమె చెప్పిన మాటల మీద మన మతం సగం నిలబడి ఉంది, ఆమె లాంటి మనిషి మాట్లాడటానికి మాత్రం మైకు లేదు.

పాకిస్తాన్‌లో పుట్టిన అస్మా బర్లాస్, అమెరికా నల్లజాతి బిడ్డ అమీనా వదూద్ కూడా ఖురాన్‌ను పక్కన పెట్టి మాట్లాడలేదు. ఖురాన్ తెరిచి, ఇదిగో ఇక్కడ ఏముంది, మీరేం చెబుతున్నారు అని పోల్చి చూపారు. కోపం అందుకే. వదూద్ 2005లో న్యూయార్కులో ఆడా మగా కలిసిన జుమ్మా నమాజుకు ఇమామత్ చేసింది. అది ఒప్పా తప్పా అన్న చర్చ ఇంకా నడుస్తోంది, నడవనివ్వండి. నాకైతే ఇమామత్ కంటే ముందు మెట్లు కావాలి. కానీ 2013లో మద్రాసు విశ్వవిద్యాలయం ఆమె ఉపన్యాసాన్ని పెట్టి, శాంతిభద్రతల సమస్య వస్తుందని పోలీసులు అంటే రద్దు చేసింది. అరవై దాటిన ప్రొఫెసరమ్మ చేతి సంచీలో ఒక ఖురాన్, ఒక నోటుపుస్తకం పెట్టుకొస్తే మహానగరంలో శాంతిభద్రతలు వణికాయి.

ఆ మద్రాసులోనే 1905లో ఒక కథ అచ్చయింది. బెంగాలీ ముస్లిం ఆడపడుచు రొకేయా సఖావత్ హుసేన్ ఇంగ్లీషులో రాసిన 'సుల్తానాస్ డ్రీమ్'. అందులో ఆడవాళ్లు రాజ్యం ఏలుతుంటారు, ఎండతో వంట వండుకుంటారు, మగవాళ్లను మర్దానాలో పెట్టి తలుపు వేస్తారు. వీధుల్లో దొంగతనాలు కూడా ఉండవు. వేసిన పత్రిక ఇండియన్ లేడీస్ మ్యాగజైన్, దాని సంపాదకురాలు మన తెలుగింటి బిడ్డ కమలా సత్యనాథన్. అంటే ఈ పడమటి సరుకు అమ్మిన తొలి అంగళ్లలో ఒకటి మన తెలుగామెదే. తూర్పు కోస్తా మీదే.

ఇక కోర్టుల గొడవ. పర్సనల్ లా బోర్డు పుట్టింది మన హైదరాబాదులోనే, 1973లో. షరియత్‌కు కాపలా దాని పని. కాపలా కాసిన తీరు చూడండి. షాబానో కేసు 1985. ఇండోర్‌లో పెద్ద వకీలు, ముసలి భార్యను బయటికి పంపాడు. మేజిస్ట్రేటు నెలకు 25 రూపాయలివ్వమంటే హైకోర్టు దాన్ని 179 రూపాయల 20 పైసలు చేసింది. సుప్రీంకోర్టు సరేనంది. ఆ 20 పైసల దగ్గర దేశమంతా ఇస్లాం ప్రమాదంలో పడింది. ఊరేగింపులు తీశారు, పార్లమెంటు చేత 1986లో చట్టం చేయించారు. కట్నానికి వ్యతిరేకంగా అలాంటి ఊరేగింపు ఒక్కటి బందరు రోడ్డు మీద వెళ్తుంటే చూడాలని నాకు ఎంత కోరికో.

2016లో ముమ్మారు తలాఖ్ కేసులో బోర్డువారు సుప్రీంకోర్టుకు రాసిచ్చిన వాదన ఇంకా గొప్పది. సులువుగా విడిచిపెట్టే వీలు లేకపోతే భర్త భార్యను చంపనైనా చంపొచ్చు, తగలబెట్టనైనా పెట్టొచ్చట. కాబట్టి తలాఖ్ ఆమె రక్షణ కోసమే. మా మగవాళ్ల మీద ఇంత ఘోరమైన నింద ఏ మతద్వేషీ వేయలేదు. సమాజ పెద్దలే నోటరీ చేయించి మరీ వేశారు.

2024 జులై 10న వచ్చిన భరణం తీర్పు తెలంగాణ నుంచి వెళ్లిన కేసులోది. ఫ్యామిలీ కోర్టు నెలకు ఇరవై వేలంది, హైకోర్టు పదివేలకు తగ్గించింది. ఆ పదివేలు ఇవ్వకుండా ఉండటానికి విడాకులిచ్చిన భర్తగారు ఢిల్లీలో సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. రైలు టికెట్లు, సీనియర్ వకీళ్ల ఫీజులు కలిపి ఎన్ని నెలల భరణమో ఆయనకే తెలియాలి. జస్టిస్ నాగరత్న, జస్టిస్ మసీహ్ ఇద్దరూ, విడాకులు పొందిన ముస్లిం స్త్రీ కూడా సీఆర్‌పీసీ 125వ సెక్షన్ కింద భరణం అడగొచ్చని చెప్పారు. నాలుగు రోజులు తిరక్కుండానే బోర్డు సమావేశమై, ఇది షరియత్‌కు విరుద్ధం, దీని మీద పోరాడతామంది. ఇంత చురుగ్గా సమావేశమయ్యే సంస్థకు మెహర్ బాకీల మీద ఒక్కసారి కోరం కుదిరితే బాగుండు.

ఖులా కథ ఇంకోటి. భార్య తనంతట తాను తెంచుకునే హక్కు అది. సాబిత్ అనే ఆయన భార్య ప్రవక్త దగ్గరికి వచ్చి, అతని గుణంలో తప్పు లేదు కానీ నాకు ఇష్టం లేదంది. మెహర్‌గా ఇచ్చిన తోట తిరిగిచ్చేస్తావా అన్నారు, ఇచ్చేస్తానంది, అయిపోయింది. బరీరా అని ఇంకొకామె, బానిసత్వం నుంచి విడుదలయ్యాక భర్త వద్దంది. అతను ఏడుస్తూ మదీనా వీధుల్లో ఆమె వెంట తిరిగాడు. పాపం, వెళ్లకూడదా అని ప్రవక్తే అన్నారు. ఇది ఆజ్ఞా అని అడిగింది. కాదమ్మా, సిఫార్సు మాత్రమే అన్నారు. అయితే నాకు అక్కర్లేదంది. విడుదలైన బానిస ప్రవక్త సిఫార్సును కాదనగలిగింది. మా వైపు డిగ్రీ చదివిన పిల్ల మొహల్లా పెద్ద సిఫార్సును కాదనలేదు. "అతను ఒప్పుకుంటే కదమ్మా ఖులా" అని తిప్పి పంపుతారు. అతనేమో మెహర్ తిరిగిస్తే చాలదు, పెళ్లి ఖర్చులూ ఇమ్మంటాడు, వాటిని పెట్టింది ఆమె తండ్రే అయినా. చివరికి 2025 జూన్‌లో తెలంగాణ హైకోర్టు చెప్పాల్సి వచ్చింది, ఖులా స్త్రీకి సంపూర్ణ హక్కు, భర్త ఒప్పుకోలు అక్కర్లేదు, ముఫ్తీ ఇచ్చే కాగితం సలహా వరకే అని. మదీనాలో రెండు మాటల్లో తేలినదాన్ని హైదరాబాదులో ఇద్దరు జడ్జీలు పేజీలకు పేజీలు రాసి తేల్చారు.

పొలం దగ్గరికొచ్చేసరికి ఈ నాటకం రక్తి కడుతుంది. 1937లో షరియత్ చట్టం చేయించుకున్నప్పుడు వ్యవసాయ భూమిని అందులోంచి మినహాయించారు. అది రాష్ట్రాల పరిధిలోదని సాంకేతిక కారణం చెప్పారు, పంజాబు భూస్వాములు ఊపిరి పీల్చుకున్నారు. అంటే అల్లా ఆజ్ఞ ఇంటి గుమ్మం దాకా వచ్చి చేను గట్టున ఆగిపోయింది. 1949లో మద్రాసు రాష్ట్రం ఆ మినహాయింపు తీసేసింది. అప్పుడు మా కృష్ణా జిల్లా అందులోదే. కాబట్టి కంకిపాడు మాగాణిలో కూతురి వాటా షరియత్ చెప్పింది, చట్టమూ చెప్పింది. కొడుక్కి రెండు పాళ్లు, కూతురికి ఒకటి. ఇది న్యాయమా అని 2018లో ట్యునీషియాలో పెద్ద రభస జరిగింది, సమాన వాటా ఇవ్వాలని దేశాధ్యక్షుడే ప్రతిపాదించాడు. కేరళలో సి. షుక్కూర్ అనే వకీలు, తన ముగ్గురు కూతుళ్లకే ఆస్తంతా చెందాలని, 2023 మార్చి 8న తన భార్యనే స్పెషల్ మ్యారేజ్ చట్టం కింద మళ్లీ పెళ్లాడాడు. మతపెద్దలు మండిపడ్డారు. సగమా సమానమా అన్న ఈ తలనొప్పులేవీ కంకిపాడు అన్నదమ్ములకు లేవు. వాళ్లు మూడో మార్గం ఎప్పుడో కనిపెట్టారు. సున్నా.

రాజధాని పేరు చెప్పి ఎకరం కోట్లకు ఎగబాకాక ఈ మార్గం మరీ పవిత్రమైంది. చెల్లెలికి పొద్దున్నే ఫోను వస్తుంది. కారు పంపిస్తారు, అన్నయ్య పంపిన మొదటి కారు అదే. సబ్ రిజిస్ట్రారు ఆఫీసు బయట దస్తావేజు లేఖరి బల్ల దగ్గర స్టాంపు పేపర్ల మీద అంతా టైపై ఉంటుంది. ఎవరూ ఆమెకు చదివి వినిపించరు. కొబ్బరిబోండాం తెప్పిస్తారు. "ఒక్క సంతకం చెల్లీ, ఫార్మాలిటీ." ఆమె ఒక్క క్షణం ఆగితే, "పెళ్లప్పుడు నీకు పెట్టాం కదా" అంటారు. గమనించారా? ఇన్నాళ్లూ ఇస్లాంలో లేని కట్నం ఇప్పుడు ఉన్నట్టుండి పుట్టుకొచ్చి, ఇస్లాంలో ఉన్న వాటాను మింగేసింది. సంతకం పెట్టకపోతే ఏమవుతుందో ఆమెకు తెలుసు. రంజానుకు పిలుపు ఉండదు. మొగుడు తంతే వెళ్లడానికి పుట్టిల్లు ఉండదు. ఆ భయాన్నే మావాళ్లు స్వచ్ఛంద త్యాగమని కాగితం మీద రాయిస్తారు.

ఆ బల్ల పక్కనే ఇంకో బల్ల. అక్కడ కూర్చునే ఆడపడుచులకు బొట్టుంటుంది. అంతే తేడా. 1985 సెప్టెంబరు నుంచి అమలయ్యేలా ఎన్టీఆర్ ప్రభుత్వం హిందూ ఆడపిల్లలకు పిత్రార్జితంలో సమాన హక్కు తెచ్చింది, ఇరవై ఏళ్ల తర్వాత కేంద్రమూ ఆ దారినే వచ్చింది. హక్కు ఎంత సమానమైందో హక్కు విడుదల దస్తావేజులూ అంత సమానంగానే రాస్తున్నారు. మతసామరస్యం చూడాలంటే ఈ రెండు బల్లల మధ్య నిలబడండి. రెండు వైపులా అన్నయ్యలు ఒకే లేఖరికి డబ్బులిస్తుంటారు.

అయినా రెండో బల్ల వైపువాళ్లకు మా మీద జాలి ఎక్కువ. 2019లో ముమ్మారు తలాఖ్ చట్టం వచ్చిన రోజున మిఠాయిలు పంచారు. 2017లోనే కోర్టు చెల్లదని చెప్పిన మాటకు మూడేళ్ల జైలు ఎందుకో, జైల్లో కూర్చున్నవాడు భరణం ఎట్లా కడతాడో అడిగితే, మీ మంచికే అన్నారు. మా మంచి కోరే ఆ లోకంలోనే 2021లో ఒకసారి, 2022 జనవరి ఒకటిన మరోసారి చదువుకున్న ముస్లిం ఆడవాళ్ల ఫొటోలు యాప్‌లో పెట్టి వేలం ఆట ఆడారు. ఆ ఏడాదే కర్ణాటకలో తలగుడ్డ కట్టుకున్న పిల్లల్ని కాలేజీ గేటు బయట నిలబెట్టి విముక్తి చేశారు. ఆగస్టు 15న బిల్కిస్ బానో కేసులో దోషులు పదకొండుమందిని వదిలేస్తే దండలు వేసి మిఠాయిలు తినిపించారు. 2024 జనవరిలో సుప్రీంకోర్టు ఆ విడుదలను కొట్టేసింది. తినిపించిన మిఠాయిల లెక్క ఎవరూ అడగలేదు. ఇటు ఎగువ ఆసామి నీళ్లు మళ్లించుకుంటాడు, అటు నుంచి వచ్చిన ఉద్ధారకుడు నీళ్లిస్తానని చేనే రాయించుకుంటానంటాడు. మధ్యలో నిలబడి మాట్లాడాలంటే ఇల్లు ద్రోహి అంటుంది, వీధి బాధితురాలు అంటుంది. ఇంట్లో అన్నదాన్ని వీధివాడు రికార్డు చేసుకుంటాడని తెలిసీ మాట్లాడక తప్పదు.

మొన్న ఆ ఆఫీసు దగ్గర పని పడి వెళితే రెండో బల్ల దగ్గర మా వీధి పెద్దాయన ఒకరు కనిపించారు. ఎప్పుడు ఎదురైనా, మీ ఆడవాళ్ల కోసం ఉమ్మడి పౌరస్మృతి రావాలమ్మా, అంతదాకా మీకు విముక్తి లేదు అని ఆప్యాయంగా చెప్పే మనిషి. ఆ రోజూ అదే మొదలుపెట్టి మధ్యలో ఆపేశారు. లేఖరి తొందర పెడుతున్నాడు. బల్ల చివర ఆయన చెల్లెలు బోండాం తాగుతూ కూర్చుంది.

"సమయానికి వచ్చావమ్మా. మా చెల్లాయి పొలంలో హక్కు వదులుకుంటోంది, ఒక సాక్షి తక్కువయ్యాడు. చదువుకున్నదానివి, ఇక్కడో సంతకం పడెయ్" అని పెన్ను నా చేతికిచ్చారు.

"లావాదేవీల కాగితాల్లో మా ఆడవాళ్ల సాక్ష్యం సగమే బాబాయ్" అన్నాను. "ఇంకొకావిణ్ణి కూడా పిలుచుకురండి. మీ చెల్లెలు ఖాళీగానే ఉన్నట్టుంది, ముందు ఆవిడకి ఆ కాగితం చదివి వినిపించండి."